తీయించని గాజులు

ఎక్స్‌రే గదిలో పనేముంది, మీట నొక్కడమే కదా అని చేరిన కొత్తలో నేనూ అనుకున్నాను. "కదలకండి, ఊపిరి బిగపట్టండి" అనే రెండు మాటలతో ఉద్యోగం గడిచిపోతుందని మురిసిపోయాను. ఇప్పుడు ఆ పనిలోకి వస్తున్న పిల్లలు మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న అడుగుతారు. "ఇన్నేళ్ళ సర్వీసులో మీకు మరిచిపోలేని కేసు ఏది మేడమ్?" అని. లారీ కింద నుజ్జయిన కాలో, పసిపిల్ల మింగిన నాణెమో చెబుతానని వాళ్ళ ఆశ. నాకు గుర్తొచ్చేది మాత్రం ఒక ఆడమనిషి కుడిచెయ్యి. ఆ చేతికి దెబ్బ తగల్లేదు, విరగలేదు. దాన్ని నేను చాలా మర్యాదగా చూశాను. ఆ మర్యాద గురించే ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మేం కోయంబత్తూరు తెలుగువాళ్ళం. మా పెద్దలు ఎప్పుడు వచ్చారో, ఎందుకు వచ్చారో సరిగ్గా చెప్పేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ మిగల్లేదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, మిషను దగ్గర ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు నేను ఉద్యోగం మానేశాక, తీరిక దొరికాక నేర్చుకున్నాను. కాబట్టి రాతలో తప్పులుంటే మీరే దిద్దుకోండి. దిద్దుకోవడానికి వీల్లేని తప్పు సంగతి తర్వాత వస్తుంది.

పీలమేడు దారిలో ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను చాలాకాలం పనిచేశాను. ఆ రోజుల్లో ఇంకా ఫిల్ములే. చీకటి గదిలో కడిగి, ఆరబెట్టి, వెలుతురు పెట్టెకు తగిలించి చూసేవాళ్ళం. చేతుల ఎక్స్‌రే తీసేటప్పుడు మొదటి నియమం ఒకటే. ఉంగరాలు, గాజులు తీసెయ్యాలి. బంగారమైనా, గాజైనా ఫిల్ము మీద తెల్లగా పడుతుంది. దాని కింద ఉన్న ఎముక కనిపించకుండా పోతుంది. ఈ సంగతి పనిలో చేరిన మొదటి వారంలోనే చెబుతారు. నాకూ చెప్పారు.

ఈ నియమం విషయంలో నాకు గయ్యాళి అని పేరుంది. మా గదిలో ఒక ఆయమ్మ ఉండేది. నాకంటే పెద్దది, కోయంబత్తూరు వైపు కొంగునాటి తమిళం మాట్లాడేది, నోరు కాస్త పదును. ఆమె చేతిలో ఎప్పుడూ సబ్బుముక్క, ఒక పల్చటి ప్లాస్టిక్ కవరు సిద్ధంగా ఉండేవి. రాని గాజుల కింద కవరు దూర్చి, సబ్బునీళ్ళు పూసి, ఇద్దరం కలిసి మెల్లగా జార్చేవాళ్ళం. పాలక్కాడు వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ ఏడ్చింది, తీయించాను. పెళ్ళయి వారం తిరగని కొత్తకోడలు బిక్కమొహం వేసింది, తీయించాను. ఒక పెద్ద అధికారి భార్య "నేనెవరో తెలుసా?" అంది. "తెలియదండీ, ఎముక కనిపిస్తే తెలుస్తుంది" అని చెప్పి ఆమెవీ తీయించాను. నా దగ్గర ఎవరి పప్పులూ ఉడికేవి కావు. అది తలుచుకుని అప్పట్లో గర్వపడేదాన్ని.

ఆ రోజు మధ్యాహ్నం తమిళంలో పేరు పిలిచాను. అత్తాకోడళ్ళు ఇద్దరు లేచారు. కోడలికి ముప్పై దాటి ఉంటాయి. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, అది తనది కానట్టు జాగ్రత్తగా మోసుకుంటూ వస్తోంది. గుమ్మం దగ్గర అత్త ఆమె చెవిలో, "బిరీన రా, చెప్పు ఆడ విడిచిపెట్టు" అని గుసగుసలాడింది.

తెలుగు! మా ఊళ్ళో వీధిలో తెలుగు వినబడితే మాకు ఏమవుతుందో ఆంధ్రావాళ్ళకు అర్థం కాదు. వంటింట్లో ఉండాల్సిన మాట బజార్లో ఎదురుపడ్డట్టు ఉంటుంది. నేను గబుక్కున, "ఏ ఊరమ్మా మీది?" అన్నాను.

అత్తగారి ముఖం విప్పారింది. "అయ్యో, మనవాళ్ళా నువ్వు? ఇంత సేపు అరవంలో అరుస్తా ఉంటివే! మాది ఇక్కడే, పీలమేడు వెనకాల. దీని పుట్టిల్లు ఒట్టన్‌చత్రం దగ్గర. మీ ఇంటిపేరేమి అమ్మణీ?"

చెప్పాను. ఆవిడ తన ఇంటిపేరు చెప్పింది. ఆ తర్వాత ఎవరి మేనత్తను ఎవరికిచ్చారో లెక్క కట్టి, కాసేపట్లో నాకు వరసకు పిన్నమ్మ అయిపోయింది. బయట కూర్చున్న రోగులు గడియారం చూసుకుంటున్నారు.

కోడలిని బల్ల దగ్గర కూర్చోబెట్టి ఏం జరిగిందని అడిగాను. ఆమె మొగుడికి చిన్న పట్టరై ఉంది, అంటే వర్క్‌షాపు. పంపుసెట్టు మోటార్లు బాగుచేస్తారు. మోటారులో రాగి తీగ చుట్టలు పెట్టి, దారంతో బిగించి కట్టే పని ఈమెది. సన్నటి పని. మణికట్టు తిరగాలి, వేళ్ళు వంగాలి.

"పొద్దున్న లేస్తే పిడికిలి పట్టేదానికి కావడంలేక్కా. మధ్యాహ్నానికి కొంచెం వదులుతాది. ముడక్కువాతం అని డాక్టరమ్మ చెప్పె. రక్తంలో ఉండాదంట. ఇప్పుడు ఎలుంబు చూడాలంట."

ముడక్కువాతం అంటే కీళ్ళవాతం, ఎలుంబు అంటే ఎముక. మా ఇళ్ళల్లో ఆ మాటలు తమిళంలోనే నిలిచిపోయాయి.

"చూసి?" అన్నాను.

"ఎలుంబు కొరికేసి ఉంటే వారానికొకసారి వేసుకునే పెద్ద మాత్ర ఇప్పుడే మొదలు పెట్టేస్తాదంట. కొరకకుండా ఉంటే చిన్న మాత్రతో కొన్నాళ్ళు చూస్తాదంట. పెద్ద మాత్ర అంటే నాకు భయమక్కా. కడుపులో తిప్పుతాది, జుట్టు రాలిపోతాది అని పక్కింటామె చెప్పె. ఇంటాయన అట్ల పడుకొని ఉండాడు. నేనూ పడుకుంటే పట్టరై ఎవరు చూసేది?"

ఆమె మొగుడికి కొద్దిరోజుల క్రితమే గుండె ఆపరేషను అయ్యిందట. లేచి నడవడం మొదలుపెట్టాడు కానీ, మెట్లు ఎక్కకూడదు, బరువు ఎత్తకూడదు. ఇంటి బరువంతా ఆ వాచిన చేతి మీద ఉంది. ఆ చేతికి ఏ మందు వెయ్యాలో తేల్చేది నేను తీయబోయే ఫిల్ము. ఈ సంగతి నాకు స్పష్టంగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

కుడిచేతికి రెండు బంగారు గాజులు, వాటి మధ్య ఎర్రవి, పచ్చవి గాజు గాజులు. మణికట్టు వాచి అవి బిగుసుకుపోయాయి. ఆయమ్మ అలవాటుగా సబ్బుముక్క తీసుకుని ముందుకొచ్చింది.

పిన్నమ్మ అడ్డం వచ్చింది. "అమ్మణీ, వాడు మంచంలో ఉండంగ దీని చేతులు బోడి చేసేదా? ఆపరేషన్ రోజు నుంచి ఒక్క గాజు కూడా తీయకుండా కాపాడుకొని ఉండాము. నువ్వు మన ఇంటి బిడ్డవి, నీకు చెప్పాల్నా?"

కోడలు నా ముఖంలోకి చూసింది. ఆ చూపులో భయం ఉంది. తీయమంటే తీసేసేదే, నాకు ఈరోజుకీ ఆ నమ్మకం ఉంది. కానీ నా చేతికీ గాజులున్నాయి. మా ఆయనకు జ్వరమొస్తే నేనూ వాటిని తడుముకునేదాన్నే. పైగా ఆవిడ "మన ఇంటి బిడ్డ" అంది. ఆ ఒక్క మాటకు నా నియమం నీరుగారిపోయింది.

"పర్వాలేదులే పిన్నమ్మా, పైకి తోసి సర్దుకుంటాను" అన్నాను.

ఆయమ్మ సబ్బుముక్క పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత పళ్ళికిలించి, "ఎన్నంగ మేడమ్, ఉంగ ఆళుంగన్నా సోప్పు వేండామా?" అంది. ఏమండీ మేడమ్, మీవాళ్ళయితే సబ్బు అక్కర్లేదా అని. నేను నవ్వేసి ఊరుకున్నాను.

గాజులను మోచేతి వైపు తోసి ప్లాస్టరు అంటించాను. వాపు వల్ల అవి ఎక్కువ దూరం పోలేదు. ఫిల్ము కడిగి వెలుతురుకు పట్టుకున్నాను. వేళ్ళు అద్భుతంగా వచ్చాయి. ఒక్కొక్క కీలూ చెక్కినట్టు ఉంది. మణికట్టు దగ్గర మాత్రం తెల్లటి పట్టీలు, ఒకదాని మీద ఒకటి. చిటికెనవేలి వైపు మణికట్టు ఎముక చివర ఉండే చిన్న బొడిపె వాటి కింద పూర్తిగా మునిగిపోయింది. ఈ జబ్బు ముందుగా కొరికే చోట్లలో అదొకటి. ఆ ముక్క నేను నా కింద పనిచేసే పిల్లలకు ఎన్నిసార్లు పాఠం చెప్పానో!

వాళ్ళు ఇంకా బయటే ఉన్నారు. మళ్ళీ పిలవొచ్చు. పిలవలేదు. "జబ్బు వేళ్ళల్లో కదా, వేళ్ళు బాగా కనిపిస్తున్నాయి" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వేరే ఎవరైనా అయితే ఆ ఫిల్ము చెత్తబుట్టలో వేసి, మళ్ళీ తీసేదాన్ని.

ఫిల్ములు చదివే డాక్టరుగారు సాయంత్రం వచ్చేవారు. మంచి మనిషి, ఆయనది ఎప్పుడూ వేళాకోళమే. ఈ ఫిల్ము చూసి, "ఏమ్మా, మణికట్టు మీద నగల దుకాణం పెట్టావు?" అన్నారు.

"మావాళ్ళు సార్. ఆ అమ్మాయి భర్తకు ఒంట్లో బాగాలేదు. తీయమంటే బాధపడ్డారు. వేళ్ళు బాగా వచ్చాయి సార్."

అప్పటిదాకా ఆయన ముందు నేను పనికిరాని ఫిల్ము పెట్టింది లేదు. అందుకే "నువ్వంటే సరే" అని, ఎముకల్లో కొరుకుడు కనిపించలేదని రాసి సంతకం చేశారు. ఆయన నమ్మింది ఫిల్మును కాదు, నన్ను. కీళ్ళ డాక్టరమ్మ మా రిపోర్టును నమ్మింది. ఆ అమ్మాయి డాక్టరమ్మను నమ్మింది. ఆ నమ్మకాల అడుగున ఉన్నది మాత్రం నా మొహమాటం.

పెద్ద మాత్ర వాయిదా పడింది. చిన్న మాత్ర, నొప్పికి మరో మాత్ర ఇచ్చి పంపారు.

కొన్ని నెలల తర్వాత గాంధీపురం బస్టాండులో ఎవరో "అక్కా!" అని కేకేశారు. ఆ అమ్మాయే. పుట్టింటి నుంచి బస్సు దిగి వస్తోంది. ఎడమచేతిలో సంచి, నిండా మునక్కాయలు. ముఖం తేటపడింది.

"నొప్పి చాలా తగ్గిపోయెక్కా. పట్టరైకి పోతా ఉండా. మీరు ఎలుంబు బాగుండాది అని చెప్పిన దినమే నాకు సగం రోగం పోయె. మా అత్త దినమూ మిమ్మల్ని తలుచుకుంటాది. ఇంకొకరయ్యుంటే గాజులు ఊడపెరికేసి ఉందురు అంటాది."

వద్దంటున్నా వినకుండా సగం మునక్కాయలు నా సంచిలో పెట్టింది. ఆ రాత్రి మా ఇంట్లో పులుసు. "ఎవరిచ్చారు?" అని మా ఆయన అడిగితే గొప్పగా చెప్పాను, మనవాళ్ళకు కాస్త సాయం చేశానని. ఆ పులుసు రుచి ఇప్పుడు తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

నొప్పి తగ్గింది నిజమే. నొప్పి మాత్రకు తెలిసింది నొప్పిని నోరు మూయించడమే. లోపల జరిగే పని దాని చేతిలో లేదు. ఆమెకు నొప్పి తగ్గింది కాబట్టి డాక్టరమ్మ దగ్గరికి రావడం కూడా తగ్గించేసింది. ఎముక బాగుందని కాగితం ఉంది కదా, ఇక భయమెందుకు?

మరుసటి ఏడు ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి మొగుడు వెంట ఉన్నాడు. బక్కపల్చటి మనిషి, చొక్కా జేబులో టెస్టరు, ముఖంలో నవ్వు. పిన్నమ్మ కూడా వచ్చింది, కానీ ఆవిడ నోట వరసల మాట లేదు. కోడలి కుడిచెయ్యి చూడగానే నాకు సంగతి తెలిసిపోయింది. మణికట్టు ఒక పక్కకు జారినట్టుంది. గాజు గాజులు ఎప్పుడో తీసేసినట్టున్నారు. బంగారు గాజులు రెండూ మాత్రం బిగుసుకుని ఉన్నాయి.

ఈసారి నేనే సబ్బు అడిగాను. ఆయమ్మ వెంటనే అందించింది. కవరు దూరలేదు. వేళ్ళ కణుపులు కూడా వాచాయి. జార్చబోతే ఆ అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మేం ఇద్దరం చేతులెత్తేశాం.

అప్పుడు మొగుడు, "కొంచెం ఉండండి" అని బయటికెళ్ళాడు. స్కూటరు డిక్కీలోంచి తీగలు కోసే కటింగ్ ప్లేయరు తెచ్చాడు. పిన్నమ్మ "ఒరే, ఒరే!" అంటూ లేచింది.

"ఏమ్మా? నేను బతికే ఉండాను కద," అన్నాడు. "నా కోసమే కద ఇది వేసుకొని ఉండాది? నేనే కోస్తాండా. ఇంక ఎవరేమనేది?" తర్వాత పెళ్ళాంతో, "భయపడొద్దు. ఎన్ని మోటార్లు విప్పినాను, నీ చెయ్యి విప్పలేనా?" అన్నాడు.

పిన్నమ్మ గోడవైపు తిరిగి నిలబడింది. అతను ప్లేయరు మొన దూర్చి, ఎంతో మెల్లగా, చర్మానికి గీత కూడా పడకుండా ఒక గాజు కోశాడు, తర్వాత రెండోది. కోసిన గాజులను రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఇంత తేలికైన పని. మొదటి రోజున అతని ఇంటికి ఫోను చేసి అడిగి ఉంటే, అతనే నవ్వి తీసెయ్యమని ఉండేవాడు. ఎవరి ప్రాణం కోసం మేమందరం ఆ గాజులను కాపాడామో, అతన్ని ఒక్కమాట అడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

ఫిల్ము తీశాను. ఈసారి మణికట్టు మీద ఏ తెల్లపట్టీ లేదు. ఆ బొడిపె కూడా సరిగ్గా లేదు. ఉండాల్సిన చోట గుండ్రంగా కొరికేసినట్టు ఖాళీ. దాని పక్కన మణికట్టులోని చిన్న ఎముకలు ఒకదానికొకటి అతుక్కోవడం మొదలుపెట్టాయి. చీకటి గదిలో దాన్ని పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు. ఆయమ్మ తలుపు తట్టింది.

డాక్టరమ్మ గదికి ఫిల్ము నేనే తీసుకెళ్ళాను. ముగ్గురూ అక్కడే ఉన్నారు. ఆమె ఓపికగా చెప్పే మనిషి. తమిళంలో చెప్పింది, నేను పిన్నమ్మ కోసం తెలుగులో చెబుతూ వచ్చాను. ఆ వివరం మీకూ ఉపయోగపడుతుంది కాబట్టి రాస్తున్నాను.

మన రక్తంలో కాపలా కణాలు ఉంటాయి. బయటినుంచి క్రిమి వస్తే తరిమేది అవే. ఈ జబ్బులో వాటికి మతి తప్పుతుంది. కీలు లోపలి పొరను శత్రువు అనుకుని అక్కడ మకాం వేస్తాయి. తోటివాళ్ళను పిలుస్తాయి. అందుకే వాపు. అంతటితో ఆగవు. ఎముకలో ఎప్పుడూ రెండు పనులు జరుగుతుంటాయి. పాత ఎముకను తినేసే కణాలు కొన్ని, కొత్త ఎముకను కట్టే కణాలు కొన్ని. వంతులవారీగా చేసుకుంటాయి కాబట్టి ఎముక నిలబడుతుంది. మతి తప్పిన కాపలా కణాలు తినేవాటికి "రండి, రండి" అని కబురు పంపుతాయి, కట్టేవాటిని పని చేయనివ్వవు. ఇంకా ఘోరం ఏమిటంటే, ఆ తినే కణాలు కూడా కాపలా కణాల జాతిలోంచే పుడతాయి. ఆ కబురు అందగానే కొన్ని కలిసిపోయి ఒక పెద్ద కణమై ఎముక అంచున కూర్చుంటాయి. మృదులాస్థి కప్పు లేని అంచు ఎక్కడుంటే అక్కడ మొదలుపెడతాయి.

మొగుడు తల పంకించాడు. "మా పట్టరైలో వాచ్‌మనే రాగి తీగ ఎత్తుకొని పోయినట్ల. బయట దొంగ అయితే కుక్క అయినా మొరుగును. ఇది మొరిగేది కూడా లే."

"అవును. వారానికి ఒకసారి వేసుకునే మాత్ర ఆ కాపలావాళ్ళను అణచిపెడుతుంది. కబురు పోకపోతే తినేవాళ్ళు రారు. అందుకే తొందరగా మొదలుపెట్టాలంటాను" అంది డాక్టరమ్మ.

అప్పుడు అతను మామూలుగా, ఎవరినీ తప్పుపట్టకుండా అడిగాడు. "అప్పుడు తీసిన దాంట్లో ఇది కనపడలేదా డాక్టర్?"

డాక్టరమ్మ పాత కవరులోంచి మొదటి ఫిల్ము తీసి కొత్తదాని పక్కన తగిలించింది. అంతవరకు ఆమె రిపోర్టే చూసింది, ఫిల్ము చూడలేదు. వెలుతురు పెట్టెలో నా గాజుల పట్టీలు ధగధగమన్నాయి. పిన్నమ్మకు ఎక్స్‌రే చదవడం రాదు, కానీ తన కోడలి గాజులను ఆవిడ గుర్తుపట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ముందుగా నోరు విప్పింది ఆ అమ్మాయే. "నేనే తీయను అంటిని డాక్టర్. ఈ అక్కను ఏమీ అనొద్దండి. ఈ అక్క మాకు మర్యాద చేసె."

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆమె ఒక్కసారి కూడా తీయనని అనలేదు. నా ముఖంలోకి చూసింది, అంతే. చెయ్యి పోగొట్టుకుంటున్న మనిషి, నన్ను కాపాడటానికి అబద్ధం ఆడుతోంది.

"లేదు డాక్టర్," అన్నాను. "ఆమె తీయననలేదు. నేనే అడగలేదు. వేరేవాళ్ళయితే తీయించి ఉండేదాన్ని. మావాళ్ళని వదిలేశాను." తమిళంలో చెప్పి, పిన్నమ్మ కోసం అదే మాట తెలుగులో కూడా చెప్పాను. తెలుగులో చెప్పడం ఎక్కువ కష్టమైంది.

డాక్టరమ్మ తిట్టలేదు. "ఇకమీద మణికట్టు కనిపించని ఫిల్ము నా టేబులు మీదికి రానివ్వకండి" అంది, అంతే. ఫిల్ములు చదివే డాక్టరుగారు సంగతి విని, "సంతకం నాది కదమ్మా, నీ ఒక్కదానిదే కాదు" అన్నారు. నిజం చెప్పాలంటే ఎవరైనా గట్టిగా తిడితే బావుండుననిపించింది. తిట్లకైతే జవాబు చెప్పొచ్చు, ఏడవొచ్చు, ఎదురు కోప్పడొచ్చు. మంచితనం ముందు ఏం చేస్తాం? ఆ సాయంత్రం ఆయమ్మ సబ్బుముక్కను కడిగి, ఆరబెట్టి, నాకు ఎదురుగా కనిపించే అరలో పెట్టి వెళ్ళిపోయింది. ఆమె నోరు మూసుకోవడం నేను చూసింది అదే మొదలు.

తర్వాత ఒకసారి డాక్టరమ్మను అడిగాను, మొదటి రోజునే ఆ కొరుకుడు ఉండి ఉంటుందా అని. "ఉండొచ్చు, లేకపోవచ్చు. కనిపించనిదాన్ని గురించి ఏం చెప్పగలం?" అంది. ఆ 'లేకపోవచ్చు' పట్టుకుని నేను తేలికపడాలి. పడలేకపోయాను. లేదని తెలుసుకోవడం కోసమే కదా ఆమె నా దగ్గరికి వచ్చింది.

పెద్ద మాత్ర మొదలుపెట్టారు. జుట్టు పెద్దగా రాలలేదు. కడుపులో కొన్నాళ్ళు తిప్పింది, తర్వాత సర్దుకుంది. వేళ్ళు మిగిలాయి. మణికట్టు మాత్రం బిగుసుకుపోయి తిరగడం మానేసింది. చుట్టలు కట్టే పనికి వేరే అమ్మాయిలను పెట్టుకుని, పక్కన నిలబడి చెప్పడం నేర్చుకుంది. అక్కడక్కడా పెళ్ళిళ్ళలో కనిపించేది. నన్ను చూడగానే నవ్వుతూ వచ్చేది, వస్తూ వస్తూ కుడిచేతి మీదికి కొంగు లాక్కునేది. మొదట్లో సిగ్గుపడుతోందనుకున్నాను. కొన్నాళ్ళు గమనించాక అర్థమైంది. మిగతావాళ్ళ ముందు ఆ చెయ్యి మామూలుగానే ఉండేది. కొంగు నా ఒక్కదాని కోసమే. ఆ చెయ్యి నా కంట పడితే నేను బాధపడతానని.

ఆ తర్వాత నా సర్వీసంతా మనవాళ్ళు, పరాయివాళ్ళు అనే తేడా లేకుండా గాజులు తీయించాను. నా ఆడపడుచువి కూడా తీయించాను, ఆమె నాతో చాలాకాలం మాట్లాడలేదు. దీన్ని మీరు గొప్ప అనుకోకండి. కాలిన చెయ్యి నిప్పుకు దూరంగా ఉంటే అది తెలివి కాదు.

ఈమధ్యనే ఆ పట్టరై అమ్మాయి కూతురికి వళైకాప్పు జరిగింది. కడుపుతో ఉన్న పిల్లకు ముత్తయిదువలందరూ గాజులు వేసే వేడుక. అరవవాళ్ళ నుంచి మేం నేర్చుకున్నదో, వాళ్ళూ మేమూ కలిసి చేసుకుంటున్నదో తెలియదు కానీ, మావాళ్ళల్లో ఆ వేడుక జరగని ఇల్లు ఒక్కటైనా ఉండదు. పిలుపు వచ్చినప్పుడు వెళ్ళకుండా తప్పించుకోవాలని చూశాను. ఆమె మొగుడు స్వయంగా ఫోను చేసి, "మీరు రాకుంటే కాదు" అన్నాడు. అతని గుండె ఇప్పటికీ గట్టిగానే ఉంది.

హాల్లో పిల్ల పీట మీద కూర్చుంది. పళ్ళెం నిండా ఎర్రవి, పచ్చవి గాజు గాజులు. మొదటి గాజు తల్లి వెయ్యాలని అందరూ ఆమెను ముందుకు పిలిచారు. ఆమె నన్ను పిలిచింది.

"నా మణికట్టు తిరగదు. వేసేటప్పుడు గాజు పగిలితే బాగుండదు. నా వంతు మీరు వెయ్యండక్కా."

"నేనా? ఇంతమంది ఉండంగ నేనెందుకమ్మా?"

"గాజుల సంగతి మీకు తెలిసినంత ఈడ ఎవరికి తెలుసు?" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమైనా ఉందా అని ముఖంలోకి చూశాను. లేదు. ఉంటే బతికిపోయేదాన్ని.

పళ్ళెం ముందు కూర్చున్నాను. పిల్ల చెయ్యి చూసి, సరిపోయే సైజు పక్కన పెట్టి, దానికన్నా పెద్దవి ఏరాను. వేస్తే చేతికి వదులుగా ఊగుతున్నాయి. పక్కనున్న ఒక పెద్దావిడ, "ఇంత లూజుగా ఉండాయే, జారిపోవా?" అంది.

"జారనీ అవ్వా," అన్నాను. "తీయాలంటే సులువుగా ఊడి రావాల."

అనేశాక తెలిసింది ఏమన్నానో. వళైకాప్పులో, కడుపుతో ఉన్న పిల్ల ముందు, గాజులు ఊడటం గురించి! ఎవరో నొచ్చుకుని "సామీ" అన్నారు. చేతిలోని రెండో గాజును తిరిగి పళ్ళెంలో పెట్టెయ్యబోయాను.

అప్పుడు ఆమె నా పక్కకు వచ్చి కూర్చుంది. ఇన్నేళ్ళుగా నా ఎదుట కప్పుకున్న కొంగును పక్కకు తీసింది. వంకరపోయిన ఆ మణికట్టును అందరి ముందూ, నా కళ్ళ ముందూ, గాజుల పళ్ళెం అంచున ఆనించింది.

"ఈ అక్క చెప్పింది సరే. లూజుగానే వెయ్యండక్కా" అంది.

రెండో చేతికి కూడా నేను అదే సైజు తీసుకున్నాను.